భాగ్యనగరమున దంతధావనము

అష్టాధ్యాయి పంచమాధ్యాయ ద్వితీయపాదమున 24వ సూత్రముచే పాణిని రెండు ప్రత్యయములను విధించెను. పీల్వాదిశబ్దములకు పాకార్థమున కుణప్ప్రత్యయమును, కర్ణాదిశబ్దములకు మూలార్థమున జాహచ్ప్రత్యయమును వచ్చును. పీలుఫలముల పాకము పీలుకుణము, చెవిమొదలు కర్ణజాహము. కర్ణాదిగణమున దంతశబ్దము పఠితమగుటచే దంతమూలము దంతజాహ మనబడును. పీలుశబ్దమును దంతశబ్దమును నొక్కసూత్రమునకే లక్ష్యములగుట లాఘవమునకేకాని వైద్యసంబంధముచే గాదు. అయినను హైదరాబాదు పాతనగరమున మక్కామసీదు పరిసరముల మిస్వాకుపుల్ల లమ్మువారిని జూచిన వైయాకరణునకు ఈ సూత్రము స్మరణకు రాకమానదు. మిస్వాకనునది పీలువృక్షపు వేరు. దానిచే శోధింపబడునది దంతమూలము. తెలుగుననో పన్ను, పండు అను రెండు శబ్దములకును బహువచనము పండ్లే. సంస్కృతసూత్రమున జేరిన ఫలమును దంతమును దెలుగు బహువచనమున నేకరూపమును బొందినవి.

ఈ శబ్దవినోదము నటుంచి విషయమును విచారింతము. భాగ్యనగరమున నాలుగు శతాబ్దములకు బైగా రెండు శాస్త్రముల దంతధావనవిధులు ప్రక్కప్రక్కన నాచరణమున నున్నవి. పిదప మూడవదియగు పాశ్చాత్యదంతవైద్యము వచ్చెను. పూర్వవిధులన్నియు నమూల్యములని కొందఱును, అన్నియు మౌఢ్యములని కొందఱును వాదింతురు. ఈ రెండు వాదములును విచారమునకు నిలువవు. ఏది పరీక్షకు నిలిచినది, ఏది నిలువలేదు అని యొక్కొక్కదానిని వేఱుచేసి చూడవలెను.

మొదట నాయుర్వేదవిధిని జూతము. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున 24వ అధ్యాయమున దంతకాష్ఠలక్షణము చెప్పబడినది. అది పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును గలిగి, సూటిగాను, ముడులు లేనిదిగాను, పచ్చిదిగాను నుండవలెను. తిక్తరసముగలవానిలో వేపయు, కషాయరసముగలవానిలో చండ్రయు, మధురరసముగలవానిలో ఇప్పయు, కటురసముగలవానిలో గానుగయు శ్రేష్ఠములు. పుల్లకొనను మెత్తని కుంచెవలె జేసికొని, పంటిచిగుళ్లకు బాధ గలుగకుండ నొక్కొక్క పంటిని వేఱువేఱుగా దోమవలెనని సంహితాకారుని మతము. నాలుకబద్ద బంగారముతోగాని, వెండితోగాని, కొయ్యతోగాని పదియంగుళముల పొడవున నుండవచ్చును. ధర్మశాస్త్రకారులు పాడ్యమి, షష్ఠి, నవమి, అమావాస్య మొదలగు తిథులందు దంతకాష్ఠమును నిషేధించిరి. కాని ఆ దినములందును నోరు శుభ్రపఱచుకొనుట మానరాదని పండ్రెండు పుక్కిళ్లను విధించిరి. పుల్ల మానినను నియమము మానరాదనుట యిందలి సారము. తెలుగుపల్లెలలో పందుంపుల్లయని వ్యవహరింపబడునది యీ దంతకాష్ఠమే. తెలంగాణమున యాపపుల్ల యన్నచో నెఱుగనివారు లేరు.

1591వ సంవత్సరమున మహమ్మదుకులీ కుతుబుషాహు మూసీనదికి దక్షిణపుటొడ్డున భాగ్యనగరమును నిర్మించెను. కొలదికాలమునకే, 1595 ప్రాంతమున, దారుష్షిఫా యను రెండంతస్తుల వైద్యశాలను గట్టించెను. విశాలమగు నంగణమునకు నలువైపుల గదులుగల యా కట్టడమున యూనానీ వైద్యము చేయబడుటయేకాక బోధింపబడుచును నుండెను. ఆ పేరు నేటికిని పాతనగరమున నొక పేటకు నిలిచియున్నది. ఇస్లాముమతమున ప్రార్థనకు ముందు పుల్లతో నోరు శుభ్రపఱచుకొనుట ప్రశస్తాచారము. ప్రార్థనలు దినమునకైదు. ఆయుర్వేదమున ప్రాతఃకాలము ప్రధానము. ఇచట ప్రార్థనాకాలములు ప్రధానములు. కాలమున నిట్టి భేదమున్నను మూలసిద్ధాంతమున భేదము లేదు. దేవునితో మాటలాడుటకు, శాస్త్రము నుచ్చరించుటకు నోరు శుచిగా నుండవలెనని యుభయులును దలచిరి. వేపపుల్లయో యిరువురకును సాధారణమే. పీలువేరున బెంజైలు ఐసోథయోసయనేటను ఘాటైన ద్రవ్యము సూక్ష్మజీవులను నశింపజేయు గుణము గలదని నేటి రసాయనపరీక్షలచే దేలినది. కుంచెవంటి కొన యందలి పీచు పంటిపై బేరిన పాచిని దుడిచివేయుననుట ప్రత్యక్షసిద్ధము. కావున నీ విధి పరీక్షకు నిలిచినది.

దక్కను స్త్రీల యలంకారములలో మిస్సీ యొకటి. అది పండ్లసందులను జిగుళ్లను నల్లపఱచు చూర్ణము. 1832లో లండనున నచ్చయిన కానూనె ఇస్లామను గ్రంథమున దీని ప్రస్తావన గలదు. ఆ గ్రంథకర్త జాఫరు షరీఫు ఏలూరివాడు. దాని నాంగ్లమున వెలయించినవాడు మదరాసు సైన్యవైద్యుడగు హెర్క్లాట్సు. మిస్సీయందు ముఖ్యద్రవ్యములు కరక్కాయ, మాచికాయవంటి వగరుకాయలును, ఇనుపరజను, అన్నభేది మొదలగునవియు. తాళపత్రముల పిమ్మట కాగితముపై వ్రాయ నారంభించిన పండితులు సిరాను సిద్ధపఱచుకొనినదియు వగరుకాయలతోడను అన్నభేదితోడనే. వగరుద్రవ్యమును ఇనుపలవణమును గలిసినచో నల్లని రంగు పుట్టును. పండితుని గంటమునకు బదులు వచ్చిన కలమునందును, అంతఃపురస్త్రీ దంతములందును నలుపు పుట్టించినది యొక్క రసాయనక్రియయే. వగరు చిగుళ్లను బిగించునుగాన మిస్సీకి గొంత ఔషధగుణము చెప్పవచ్చును. కాని రంగుక్రింద పాచియు, పుచ్చును గనబడకపోవుట దాని దోషము. సౌందర్యమునకై రోగమును గప్పిపుచ్చు ద్రవ్యమును శోధనద్రవ్యమనరాదు.

తాంబూలవిషయమున పూర్వశాస్త్రమును సవరింపవలసియున్నది. వైద్యగ్రంథములు తాంబూలమును ముఖశుద్ధికరమని కొనియాడినవి. పాతనగరపు మర్యాదలో పాన్‌దాను లేనిదే యతిథిసత్కారము పూర్ణము గాకుండెను. బీదరుపనితనపు పాన్‌దానులును, ఉమ్మిపాత్రలును నా సంపన్నతకు సాక్ష్యములు. అయినను పోకచెక్క స్వయముగనే కాన్సరుకారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు జెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ 2004లో బ్రకటించిన గ్రంథమున నిర్ణయించెను. పొగాకు చేరిన తాంబూలము విషయ మంతకుముందే తేలియుండెను. పోకచెక్కను దినమంతయు బుక్కిట నుంచుకొనువారికి బుగ్గలలోపలి చర్మము బిగిసి, నోరు తెఱచుటయే కష్టమగు రోగము గలుగును. గుట్కా పొట్లములు వచ్చినపిమ్మట నిది బాలురకును బ్రాకెను. భోజనానంతరము మితముగ సేవింపుమని ప్రాచీనులు చెప్పినదానికిని, నిద్రించువఱకు నమలుటకును భేదమున్నమాట నిజము. కాని మితము పేరు చెప్పి ద్రవ్యదోషమును దాచరాదు. ఈ విధి పరీక్షకు నిలువలేదు.

పంటిపురుగు మాటయు నట్టిదే. సుశ్రుతుడు క్రిమిదంతకమను రోగమును జెప్పెను. ఈ నమ్మకము భారతదేశమునకే పరిమితము గాదు. ప్రాచీన బాబిలోనియాలోను పుప్పిపంటికి పురుగే కారణమని తలచిరి. వాకుడుగింజలను గాల్చి యా పొగను నోటికి బట్టించి, పురుగులు రాలినవని చూపు వైద్యులు తెలుగునాట నుండిరి. రాలినవి గింజలలోని మొలకలేకాని పురుగులు గావు. ఫ్రాన్సుదేశమున పియరు ఫోషారు 1728లో బ్రకటించిన దంతవైద్యగ్రంథమున నీ పురుగువాదమును నిరాకరించెను. 1890లో మిల్లరను నతడు నోటియందలి సూక్ష్మజీవులు చక్కెరను, పిండిపదార్థములను బులియించి యామ్లమును బుట్టించుననియు, ఆ యామ్లము పంటిగట్టిదనమును గరగించుననియు స్థాపించెను. క్రిమియనుమాట నిలిచినది, దాని యర్థము మాత్రము మాఱినది.

పన్ను తీయించుకొనుట పూర్వము ఘోరమైన బాధ. మత్తుమందును శస్త్రచికిత్సయందు లోకమునకు బ్రత్యక్షముగా జూపిన మార్టనను నమెరికావైద్యుడు దంతవైద్యుడే. అది 1846 సంగతి. మరుసటి సంవత్సరమున సింప్సను క్లోరోఫారమును వాడుకకు దెచ్చెను. అది యిచ్చి పన్ను తీయునప్పుడుకూడ నాకస్మికమరణములు సంభవించుటచే, మందు గుండెనాపునా, ఊపిరినాపునా యను వివాదము పుట్టెను. దీని తీర్పునకు హైదరాబాదే రంగమయ్యెను. ఆఱవ నిజాము మహబూబలీఖానుని ద్రవ్యసహాయముతో రెసిడెన్సీ వైద్యుడగు ఎడ్వర్డు లారీ 1888లోను, 1889లోను రెండు పరిశోధకసంఘములను నడపెను. రెండవదానికి లాన్సెట్ పత్రికాపక్షమున లాడరు బ్రంటను లండనునుండి వచ్చెను. జంతువులపై బెక్కు పరీక్షలు చేసి, ఊపిరియే ముందు నిలుచుననియు, దానిని గనిపెట్టియున్నచో భయములేదనియు దీర్మానించిరి. కాని 1911లో గుడ్మను లీవీ, మందు తక్కువగా నిచ్చినపుడే గుండెగతి చెదరి ప్రాణము పోవచ్చునని నిరూపించెను. రాజాశ్రయమును, పెద్దల సమ్మతియు నున్నను సిద్ధాంతము పునఃపరీక్షకు లోబడియే యుండవలెనని యీ నగరచరిత్రమే చాటుచున్నది. ప్రాచీనులకు జెప్పిన న్యాయము నవీనులకును జెల్లును.

ఇరువదవ శతాబ్దమున పుల్లస్థానమును చూర్ణ మాక్రమించెను. కచ్చికబూడిద, బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు పూర్వమునుండి యిండ్లలో వాడుకలో నున్నవే. 1920లో హకీము మొయిజుద్దీను ఫారూకీ హైదరాబాదున జిందా తిలిస్మాతు కార్ఖానాను స్థాపించెను. ఆ కార్ఖానానుండి వెలువడిన ఫారూకీ పండ్లపొడి యూనానీసంప్రదాయమును సీసాలో నింపి యింటింటికి జేర్చెను. 1938లో నైలాను పోగుల కుంచెలు అమెరికాలో వచ్చుటతో పందికుచ్చుల బాధయు దీఱెను. చూర్ణములవిషయమున నొక్కటి గమనింపదగును. గరుకైన యిటుకపొడియు, బొగ్గును దినదినము రుద్దినచో పంటిపై నున్న గట్టిపొర యరిగిపోవును. అరిగినపొర మరల మొలవదు. తెల్లదనము గోరి బలమును బోగొట్టుకొనుట యిది. చిగుళ్లకు బాధ గూడదన్న సుశ్రుతుని నియమమునే, కుంచెను మెత్తగా బట్టుమని నేటి దంతవైద్యులును జెప్పుచున్నారు.

1920లో రఫీయుద్దీను అహమ్మదు కలకత్తాలో భారతదేశపు మొదటి దంతవైద్యకళాశాలను స్థాపించెను. 1948లో దంతవైద్యుల శాసనమును, 1949లో దంతవైద్యమండలియు నేర్పడినవి. హైదరాబాదున 1959లో ఉస్మానియా వైద్యకళాశాలకు శాఖగా దంతవైద్యవిభాగ మారంభమై, పిదప ప్రభుత్వ దంతవైద్యకళాశాలయై అఫ్జలుగంజున వెలసెను. దానికిని దారుష్షిఫాకును నడుమ మూసీనది మాత్రమే యున్నది. కాని నది దాటుటకు గూలిడబ్బులు చాలనివాడు వీధిప్రక్కన పరికరములు పఱచి కూర్చుండు పట్టాలేని వైద్యుని నాశ్రయించెను. ఉడుకబెట్టని పరికరము ఒకని రోగమును వేఱొకనికి జేర్చును. నల్లగొండమండలమునుండి నగరమునకు వచ్చినవారి పండ్లపై మచ్చలు మఱియొక పాఠము నేర్పుచున్నవి. బాల్యమున పండ్లు రూపొందుకాలమున త్రాగిన నీట ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించినచో నా మచ్చలు గలుగును. ఏ పుల్లయు, ఏ పొడియు వానిని దుడువలేదు. నీటిని సున్నము, పటికలతో శోధించు నల్లగొండపద్ధతి 1970ల దశకమున నాగపూరు పరిశోధనాలయమున రూపొందినది. కొన్ని దంతరోగములకు వైద్యము నోట గాక బావియందు జేయవలెననుట దీనివలన దేలుచున్నది.

ఇట్లు విచారింపగా దంతధావనము నిలిచినది, పంటిపురుగు తొలగినది, తాంబూలము దోషియైనది, మిస్సీ కనుమఱుగైనది, క్లోరోఫారపు తీర్పు తిరుగబడినది. నిలిచినదానిని నిలిపినది పుల్లయొక్క పవిత్రత గాదు, దినదినాచరణము. వేపయైనను పీలువైనను నైలానైనను పంటిపాచిని దుడుచునదే సాధనము. ఇది పాఠశాలలయందు బండితులు విస్మరింపదగినది గాదు. తవర్గమునకును, లకారసకారములకును స్థానము దంతములు. అవి రాలిన గురువు నోట దకారము చెదరును. ఆ చెదరిన దకారమే శిష్యుల చెవి కెక్కును. శిక్షాగ్రంథమును బట్టి వర్ణస్థానములను వల్లెవేయించు గురువు, ఆ పాఠమునకు ముందుగా నా స్థానమును గాపాడుకొను తెఱగును గూడ బాలురకు నేర్పవలసియున్నది.