వానాకాలపు జలపాత యాత్ర: భీమునిపాదం నుండి బొగత వరకు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. అంతకు పూర్వం వీటిలోని అధిక భాగం ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండేది. కాకతీయుల చెరువులకు, ఆలయాలకు పేరొందిన ఈ ప్రాంతం వర్షాకాలంలో జలపాతాలకు కూడా ప్రసిద్ధి చెందినది. మహబూబాబాద్ జిల్లాలోని భీమునిపాదం, వాజేడు మండలంలోని బొగత వీటిలో ముఖ్యమైనవి. వాజేడు మండలం 2016 వరకు ఖమ్మం జిల్లాలోను, తరువాత భూపాలపల్లి జిల్లాలోను ఉండి, 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన ములుగు జిల్లాలో చేరినది.

ఈ రెండు జలపాతాలను రోడ్డు మార్గాన రెండు రోజులలో దర్శించవచ్చును. జలపాతానికి నిండుదనం తెచ్చే వానయే దారిలోని వాగులను కూడా పొంగించును. కావున ఈ యాత్రకు బయలుదేరే కుటుంబాలు చూడదగిన ప్రదేశాలతో పాటు దాటవలసిన వాగుల గురించి కూడా ముందుగా తెలుసుకొనుట అవసరం.

జనగామ మీదుగా ప్రయాణం

హైదరాబాద్ నుండి భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వరకు సాగే 163వ జాతీయ రహదారి ఈ యాత్రకు ప్రధాన మార్గం. పూర్వం దీనిని 202వ నెంబరు జాతీయ రహదారిగా వ్యవహరించేవారు. జనగామ చేరుటకు ముందు వచ్చే పెంబర్తి గ్రామం ఇత్తడి రేకు పనికి ప్రసిద్ధి. ఇక్కడి కళాకారులు తయారు చేసే ఆలయ తొడుగులు, జ్ఞాపికలు దేశమంతటా ఆదరణ పొందినవి. జనగామ జిల్లాలోనే పాలకుర్తి మండలంలో భాగవత కర్త పోతన పేరుతో ముడివడిన బమ్మెర గ్రామం కలదు. సమయం ఉన్నవారు వీటిని చూచి వరంగల్ చేరుకొనవచ్చును.

భీమునిపాదం జలపాతం

వరంగల్ నుండి నర్సంపేట మీదుగా వెళ్ళినచో మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం వచ్చును. ఈ మండలంలోని సీతానగరం గ్రామ సమీపాన అడవిలో భీమునిపాదం జలపాతం ఉన్నది. సుమారు 70 అడుగుల ఎత్తు నుండి నీరు కొండ అంచు మీదుగా క్రింది మడుగులోనికి దూకును. ఇక్కడి రాతి ఆకృతి పాదమును పోలి ఉన్నందున, ఇది భీముడు అడుగు మోపిన చోటని స్థానికులు విశ్వసిస్తారు. వానలు బాగా కురిసిన జులై నుండి అక్టోబరు వరకు ధార నిండుగా ఉండును. వేసవిలో ధార సన్నగిల్లును.

ప్రధాన రహదారి వదలిన తరువాత జలపాతం వరకు ఉన్న దారి అటవీ మార్గం. వాన పడిన రోజున బురద, జారుడు ఎక్కువగా ఉండును. వృద్ధులు, చిన్న పిల్లలు వెంట ఉన్నవారు పగటి వెలుతురులోనే వెళ్ళి రావలెను. సమీపంలోనే కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని కాలం నాటి పాఖాల చెరువు, దాని చుట్టూ వన్యప్రాణి అభయారణ్యం ఉన్నవి.

రామప్ప, ఏటూరునాగారం

నర్సంపేట నుండి మల్లంపల్లి చేరినచో తిరిగి 163వ జాతీయ రహదారి కలియును. అక్కడి నుండి ములుగు సమీపమే. ములుగు దాటిన తరువాత పాలంపేటలోని రామప్ప దేవాలయం తప్పక చూడదగినది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన ఈ ఆలయానికి 2021 జులై 25న ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు లభించినది. విమాన నిర్మాణంలో నీటిపై తేలే తేలిక ఇటుకలను వాడుట దీని విశేషం.

పస్రా, తాడ్వాయి దాటి ఏటూరునాగారం వైపు వెళ్ళునపుడు రహదారి ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యం గుండా సాగును. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27, 28 సెక్షన్ల ప్రకారం అభయారణ్యంలోనికి ప్రవేశం నియంత్రితమైనది. రహదారిపై సాగిపోవుటకు అభ్యంతరం లేదు. రహదారి వదలి అడవిలోనికి వెళ్ళదలచినవారు అటవీశాఖ అనుమతి పొందవలెను. అడవిలో నిప్పు పెట్టుట, వన్యప్రాణులకు ఆహారం వేయుట, ప్లాస్టిక్ వ్యర్థాలు పారవేయుట తగదు.

బొగత జలపాతం

ఏటూరునాగారం దాటిన తరువాత ముల్లకట్ట వద్ద గోదావరిపై వంతెన కలదు. 2016లో ఈ వంతెన ప్రారంభం కాక పూర్వం వరంగల్ వైపు నుండి వాజేడు చేరదలచినవారు పడవపై నది దాటుటయో, భద్రాచలం మీదుగా చుట్టి వచ్చుటయో చేయవలసి ఉండేది. వంతెన వచ్చిన పిదప బొగతకు హైదరాబాద్, వరంగల్ పర్యాటకుల రాక ఎంతో పెరిగినది.

చీకుపల్లి వాగుపై ఏర్పడిన బొగత సుమారు 30 అడుగుల ఎత్తు గలది. ఎత్తు కంటె వెడల్పు దీని ప్రత్యేకత. బండల వరుస పొడవునా అనేక పాయలుగా నీరు దూకుట వలన దీనిని తెలంగాణ నయాగరా అని పిలుచుచున్నారు. సందర్శకుల కొరకు అటవీశాఖ ఇక్కడ మెట్లు, వీక్షణ స్థలాలు, రక్షణ కంచెలు ఏర్పాటు చేసినది. జలపాతం క్రింది మడుగు పైకి ప్రశాంతంగా కనిపించినను లోతైనది. నీటి ఉధృతి అధికమైనపుడు అధికారులు సందర్శనను నిలిపివేయుదురు.

వాగు పొంగే తీరు

కొండ వాగులకు పరీవాహక ప్రాంతం చిన్నది, వాలు ఎక్కువ. ఎగువన కురిసిన వాన గంటల వ్యవధిలోనే దిగువకు చేరును. జలపాతం వద్ద ఎండ కాయుచున్నను ఎగువ కొండలలో కురిసిన వాన వలన వాగు హఠాత్తుగా పొంగవచ్చును. ఉదయం మోకాలి లోతున దాటిన వాగు సాయంత్రానికి దాటరానిది కావచ్చును.

2023 జులై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం వద్ద ఇదే జరిగినది. జలపాతం చూచి తిరిగి వచ్చుచున్న సుమారు 80 మంది పర్యాటకులు మధ్యలోని వాగు పొంగుట వలన అడవిలో చిక్కుకున్నారు. వాగు దాటే ప్రయత్నం చేయక ఎత్తైన ప్రదేశంలో ఉండవలసినదిగా పోలీసులు వారికి ఫోను ద్వారా సూచించారు. ఆ రాత్రి జాతీయ విపత్తు స్పందన దళం వారిని చేరుకొని సురక్షితంగా బయటకు తీసుకువచ్చినది. వాగులోనికి దిగక వేచి ఉండుటయే వారిని కాపాడినది.

ఆ మరునాటి ఉదయానికి ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైనది. 24 గంటలలో 204.4 మిల్లీమీటర్లు మించిన వానను వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షంగా పరిగణించును. లక్ష్మీదేవిపేటలో కురిసినది అంతకు మూడు రెట్ల పైమాటే. జులై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామం నీట మునిగినది. ఈ గ్రామం భూపాలపల్లి - పరకాల రహదారిపై ఉన్నది. రామప్ప, గణపురం కోటగుళ్ళు, రేగొండ మండలంలోని పాండవుల గుట్ట చూచి హనుమకొండ వైపు తిరిగి వెళ్ళే పర్యాటకులు ఈ దారినే వెళ్ళుదురు.

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వాగు వరదలో ఒక కారు కొట్టుకొనిపోయి ఇద్దరు మరణించారు. అదే వరదలో కేసముద్రం - ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు పట్టాల క్రింది కట్ట కోసుకుపోయినది. రహదారి ప్రయాణంలో ప్రమాదం జలపాతం వద్దనే కాక, దానికి ఎంతో దూరంలో, నిత్యం తిరిగే వంతెనపై కూడా పొంచి ఉండునని ఈ ఘటన తెలుపుచున్నది.

పాటించవలసిన జాగ్రత్తలు

* బయలుదేరు ముందు వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం ప్రకటించే జిల్లాల వారీ సూచనలు చూడవలెను. ఆరెంజ్ లేక రెడ్ అలర్టు ఉన్న రోజున యాత్రను వాయిదా వేసుకొనుట ఉత్తమం.
* వాన తగ్గిన వెంటనే వెళ్ళక, ఒకటి రెండు రోజులు తెరపి ఇచ్చిన తరువాత వెళ్ళినచో ధార నిండుగానే ఉండును; దారి కూడా క్షేమంగా ఉండును.
* లోలెవల్ వంతెనపై నీరు పారుచున్నపుడు వాహనాన్ని దింపరాదు. అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్న కారును తేల్చగలదు. రెండడుగుల నీరు అనేక వాహనాలను కొట్టుకొనిపోగలదు.
* జలపాతానికి వెళ్ళే దారిలో వాగు దాటవలసి ఉన్నచో తిరుగు ప్రయాణంలో అది పొంగవచ్చునని గుర్తుంచుకొనవలెను. నీరు బురద రంగుకు మారుట, ఆకులు, కొమ్మలు కొట్టుకొని వచ్చుట వరదకు ముందస్తు సూచనలు. అవి కనిపించిన వెంటనే ఎత్తైన ప్రదేశానికి చేరవలెను.
* కంచె దాటుట, నాచు పట్టిన బండలపై నిలిచి ఫోటోలు తీసుకొనుట, మద్యం సేవించి నీటిలోనికి దిగుట ప్రాణాంతకం.
* అడవిలో అనేకచోట్ల సెల్‌ఫోన్ సిగ్నలు అందదు. ప్రయాణ వివరాలు ఇంటివారికి ముందుగా తెలిపి, చీకటి పడక మునుపే ప్రధాన రహదారికి చేరవలెను. ఆపద సమయంలో 112 నెంబరుకు ఫోను చేయవలెను.
* వాగు దాటవచ్చునా లేదా అన్న విషయంలో సమీప గ్రామస్థుల మాటను, అటవీ, పోలీసు సిబ్బంది సూచనను పాటించవలెను.

సీజను ముగియువరకు భీమునిపాదం, బొగత ధారలు సందర్శకులకు అందుబాటులోనే ఉండును. వాగు పొంగిన రోజున వెనుకకు మరలిన కుటుంబం మరుసటి వారం వచ్చి అదే జలపాతాన్ని నిశ్చింతగా చూడగలదు. వాన తీరును గమనించి ప్రయాణాన్ని నిర్ణయించుకొని, ఈ ప్రాంతపు ప్రకృతి శోభను, కాకతీయ వారసత్వాన్ని క్షేమంగా ఆస్వాదించవలసినదిగా పర్యాటకులకు విజ్ఞప్తి.