ముడాన్ కొండలు ఎవరివి? 1874లో చైనా పత్రికలు ఏమన్నాయి

నేల ఎవరిదన్న తగాదా కాయితం మీదికి ఎక్కితే, ఆ నేల మీద ఉన్నోళ్ళు ఏమైపోతారో మనకు కొత్త కాదు. ఈసారి అదే ముచ్చట చైనాలో చూద్దాం.

1871లో ర్యుక్యూ దీవుల పడవ ఒకటి తుఫానులో చిక్కి తైవాన్ దక్షిణ కొసకు కొట్టుకొచ్చింది. అక్కడి కొండలు పైవాన్ ఆదివాసులవి. పడవవాళ్ళలో 54 మంది వాళ్ళ చేతుల్లో చనిపోయారు. జపాన్ దీన్ని పట్టుకుని బీజింగ్‌లో అడిగితే, ఆ కొండవాళ్ళు 'హువా వై', అంటే మా నాగరికతకు బయటోళ్ళు అని చింగ్ అధికారులు చేతులు దులుపుకున్నారు. ఇంకేం కావాలి! మీ పాలన లేని చోటు మీదెట్లా అవుతుందని 1874 మేలో జపాన్ సైన్యాన్ని దించింది. ముడాన్ ఊళ్ళు తగలబడ్డాయి.

అప్పటికి షాంఘైలో 'షెన్ పావో' పత్రిక పుట్టి రెండేళ్ళు. యజమాని ఎర్నెస్ట్ మేజర్ అనే ఇంగ్లీషు వర్తకుడు, రాసేవాళ్ళు చైనా పండితులు. ఆ ఏడాదే హాంకాంగ్‌లో వాంగ్ తావ్ 'షున్‌హువాన్ రిపావ్' మొదలుపెట్టాడు. దర్బారు గెజిట్ మాత్రమే చూసిన జనానికి పరాయి సైన్యం కబుర్లు పేపర్లో వచ్చాయి. తైవాన్ మనదే, తీరానికి కాపలా పెట్టాలి, ఓడలు కావాలి అన్న చర్చ నడిచింది.

సరే, ఆ 'మనదే'లో పైవాన్ మనిషి ఎక్కడ? ఆనాటి రాతల్లో అతని పేరు 'షెంగ్ ఫాన్', పచ్చి అనాగరికుడు. పన్ను కట్టి లొంగినోడు 'షు ఫాన్', అంటే ఉడికినోడు. చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. అదే 1874లో బ్రిటిష్‌వాళ్ళు షెడ్యూల్డ్ జిల్లాల చట్టం తెచ్చి మన ఏజెన్సీని మామూలు చట్టాలకు బయట పెట్టారు మరి.

అక్టోబరు 31న రాజీ కుదిరింది. చింగ్ ప్రభుత్వం 5 లక్షల తేల్‌ల వెండి ఇస్తానంది, జపాన్ వెనక్కి పోయింది. తుపాకుల కంటే మలేరియాకే ఆ సైనికులు ఎక్కువమంది చచ్చారు. చర్చల్లో పైవాన్ పెద్దలకు కుర్చీ లేదు.

ఆ తర్వాత చింగ్ అధికారి షెన్ పావోచెన్ 'కొండలు తెరువు, ఫాన్‌లను లొంగదీయి' అన్న విధానం మొదలుపెట్టాడు. మాది అని రుజువు చెయ్యడానికి కొండల్లోకి దారులు తవ్వారు, సిపాయిలు పోయారు. అడ్డుపడ్డ ఊళ్ళ మీద దాడులు జరిగాయి.

1895లో షిమొనొసెకీ ఒప్పందంతో తైవాన్ మొత్తం జపాన్‌కు రాసిచ్చారు. ఆ దారులూ అందులోనే పోయాయి. దేశాన్ని పుచ్చకాయలా కోస్తున్నారని పత్రికలు మొత్తుకున్నది దాని తర్వాత. అది ఇంకో పోస్టులో రాస్తాం.