ఐదు నలభై రెండు

తెల్లారి ఐదున్నర. ఛత్రినాకలో షటర్లు ఇంకా లేవలేదు. పాల ప్యాకెట్ల ఆటో వచ్చి ట్రేలు దించి పోయింది. నవంబరు చలికి వీధికుక్కలు కూడా ముడుచుకుని పడుకున్నాయి. నా చేతిలో ఫోను, ఫోనులో స్టాప్‌వాచ్ తిరుగుతోంది.

కిరాణా కొట్టు మెట్టు నుంచి మలుపులోని కరెంటు స్తంభం దాకా 400 మీటర్లు. బండి మీటరు చూసి కొలిచిన లెక్క. రెండుసార్లు పోయి రెండుసార్లు వస్తే 1.6 కిలోమీటర్లు. చీకట్లో ముందు బూట్ల చప్పుడు వినిపించింది, తర్వాత ఊపిరి, ఆ తర్వాతే మనిషి కనిపించాడు. మెట్టు తాకి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. పద్దెనిమిదేళ్లవాడు. ముక్కు చివరి నుంచి చెమట బొట్లు రోడ్డు మీద పడుతున్నాయి.

"ఎంత?" అరుగు మీద కూర్చున్న వాడి మేనమామ అడిగారు.

"ఐదు నలభై రెండు," అన్నాను.

"పాసే. కానీ పన్నెండు మార్కులు రోడ్డు మీదనే పడేసొచ్చినవ్ బిడ్డా."

సైన్యంలో నాలుగేళ్ల కొలువుకు జరిగే అగ్నివీర్ ర్యాలీలో ఈ పరుగు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు. ఐదు నలభై ఐదు లోపు వస్తే 48. బార్ మీద పది పుల్‌అప్స్ తీస్తే 40. తొమ్మిదడుగుల గొయ్యి దూకడానికి, జిగ్‌జాగ్ బ్యాలెన్స్‌కు మార్కులు లేవు, దాటితే చాలు. వీటన్నిటి కంటే ముందు కంప్యూటర్ మీద రాసే పరీక్ష ఉంటుంది. 2023 నుంచి వరస మారింది. రాతపరీక్ష గట్టెక్కినవాళ్లనే గ్రౌండుకు పిలుస్తున్నారు. వీడేమో పరుగు మీద ధ్యాసతో పుస్తకం ముట్టడం లేదు. మామ కోపమంతా అక్కడే.

మామ ఫిరంగి దళంలో 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా పెన్షన్ వచ్చారు. శిక్షణ పొందింది ఊళ్లోనే, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో. ఎడమ చెవి సరిగా వినిపించదు. మనం ఎడమ పక్క నిలబడి మాట్లాడితే తలంతా తిప్పి చూస్తారు.

లోపలి నుంచి ఆయన చెల్లెలు, కుర్రాడి తల్లి, చాయ్ తెచ్చింది. గ్లాసులు అందించి పోకుండా అక్కడే నిలబడింది. చాలా రోజులుగా అడగాలనుకున్న మాట ఇప్పుడు బయటికొచ్చింది.

"అన్నా, పోయినంక నచ్చకుంటే? మధ్యలో వస్తనంటే రానిస్తరా?"

కుర్రాడు తల దించుకున్నాడు. వాడు అడగని ప్రశ్న అది. వాడికి లోపలికి పోయే దారి గురించే ఆత్రం. తల్లికి తిరిగొచ్చే దారి కావాలి. నా మటుకు నాకు ఆమె ప్రశ్నే ముందు అడగాల్సింది.

"అంత అల్కగ రానియ్యరు చెల్లె," అన్నారాయన. "నాలుగేండ్లకు సంతకం పెడితే నాలుగేండ్లే. ఏదన్న పెద్ద కష్టమొస్తే, పైఆఫీసర్లు ఒప్పుకుంటేనే ఇడుస్తరు. అట్ల వస్తే గవర్నమెంట్ కట్టిన పైసలు రావు. వాడు కట్టుకున్నది, దాని మీద మిత్తి, గంతే."

ఆమె ఇంకేం అడగలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఏడున్నరకు ముగ్గురం ఉప్పుగూడ స్టేషన్ దారి పట్టాం. మామ సికింద్రాబాద్ వెళ్లి జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. బతికే ఉన్నానని ఏడాదికోసారి చెప్పుకునే కాగితం అది. అది లేకపోతే పెన్షన్ ఆగుతుంది. అల్లుణ్ని కావాలనే వెంటబెట్టుకున్నారు.

ఈ పేటలకు సిపాయి ఉద్యోగం కొత్త కాదు. చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బార్కస్ పేరు బ్యారక్స్ నుంచి పుట్టింది. నిజాం కొలువులోని అరబ్బు సైనికులు అక్కడ ఉండేవారు. హైదరాబాద్ పేరుతో ఒక రెజిమెంటే ఉండేది. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది. సైన్యంలో పేర్లు మారతాయి, షరతులు మారతాయి. షరతులు మారినప్పుడు చదివి తెలుసుకోవాల్సింది చేరేవాడే.

ఎంఎంటీఎస్‌లో కిటికీ పక్క సీటు దొరికింది. యాకుత్‌పురా దాటేసరికి మామ పాత కవరు మీద పెన్ను తీశారు.

"మొదటి ఏడు నెలకు 30 వేలు. చేతికొచ్చేది 21. తొమ్మిది వేలు పట్టుకుంటరు. రెండో ఏడు 33 వేలు, మూడో ఏడు 36 వేల 500, నాలుగో ఏడు 40. అన్నిట్ల నూటికి ముప్పై పట్టుడే. నాలుగేండ్లకు నీ పట్టుబడి ఎంత?"

కుర్రాడు ఫోనులో నొక్కాడు. "ఐదు లక్షల రెండు వేల 200."

"గవర్నమెంట్ గంతే కలుపుతది. మిత్తితోని సుమారు 11 లక్షల 71 వేలని మొదట్ల చెప్పిన్రు. దాని మీద ఇన్‌కమ్‌ట్యాక్స్ లేదు. దాన్నే సేవానిధి అంటరు. ఇగ పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. క్యాంటీన్ కార్డు లేదు, నా లెక్క ఈసీహెచ్‌ఎస్ దవాఖాన లేదు. మాజీ సైనికుడన్న పేరు కూడ రాదు."

పేరు కూడా రాదన్న దగ్గర కుర్రాడు కిటికీలోంచి చూపు తిప్పి ఆయన ముఖంలోకి చూశాడు. "ఉంచుకుంటరు గద మామా కొందరిని?"

"వందల ఇరవై ఐదుగురి దాకా. వాళ్లు ఇంకో 15 ఏండ్లు చేయాలె. మొదటి నాలుగేండ్లు పెన్షన్ లెక్కలకు రావు. సేవానిధిల గవర్నమెంట్ వాటా కూడ వాళ్లకు రాదు, వాళ్లు కట్టిందే వస్తది."

ఆర్టిలరీలో ఉండగా తనకు ఏటా 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉండేవట. అగ్నివీర్‌కు మొత్తం 30 రోజులే. బోనాలకు ఇంటికొస్తే దసరాకు రాలేరు. లాల్‌దర్వాజా అమ్మవారి ఊరేగింపులో పుట్టి పెరిగినవాడికి ఈ మాట జీతం లెక్క కంటే గట్టిగా తగిలినట్టుంది.

మలక్‌పేట స్టేషన్లో జనం ఎక్కారు. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఈ మాటలన్నీ వింటూ ఉన్నట్టుండి అడిగేశాడు. "పోరనికి ఏమన్న అయితే?"

మామ తడుముకోలేదు. 48 లక్షల బీమా, దానికి జవాను జేబులోంచి పైసా కట్టక్కర్లేదు. విధుల కారణంగా ప్రాణం పోతే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా. మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి. మామూలు జవాను భార్యకు నెలనెలా వచ్చే కుటుంబ పెన్షన్ మాత్రం ఉండదు. చెప్పి కాసేపు ఊరుకున్నారు. 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన మురళీ నాయక్ అగ్నివీరుడే. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా పిల్లవాడు. ఆ పేరు మామ పలికినప్పుడు పెద్దమనిషి చేతులు జోడించాడు. నాలుగేళ్ల ఒప్పందం అంటాం గాని, బుల్లెట్ ఒప్పందం చూసి తగలదు. ఒకే కందకంలో నిలబడ్డ ఇద్దరి ఇళ్లకు రెండు రకాల కాగితాలు వెళ్లడం న్యాయమని నాకు అనిపించదు.

కాచిగూడ. విద్యానగర్. జామై ఉస్మానియా. ఈలోగా మెడికల్ సంగతి నడిచింది. చెవిలో గుబిలి ఉందని పక్కన పెట్టించుకున్నవాళ్లు ఉన్నారట, ముందే డాక్టరుతో తీయించుకోవాలి. భుజం మీద అమ్మవారి టాటూ వేయించుకుంటానని వీడు బోనాలప్పుడు బయల్దేరితే మామే ఆపారు. శాశ్వత టాటూ ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక మాత్రమే ఒప్పుకుంటారు. అన్‌ఫిట్ అన్నంత మాత్రాన సంచి సర్దుకోనక్కర్లేదు. మిలిటరీ ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష అడిగే హక్కు ఉంది. "నేను చేసిన తప్పు నువ్వు చేయకు," అన్నారు చెవి తాకి చూపిస్తూ. రిలీజ్ మెడికల్ నాడు తొందరగా ఇల్లు చేరాలని చెవి సంగతి బోర్డుకు చెప్పలేదు. రికార్డులో లేని దెబ్బకు వైకల్య పెన్షన్ అడగడం ఎంత కష్టమో తర్వాత తెలిసింది.

సికింద్రాబాద్‌లో దిగాం. ప్లాట్‌ఫామ్ మీద జనం తోసుకుంటున్నారు. 2022 జూన్ 17న, అగ్నివీర్లను తెచ్చిన అగ్నిపథ్ పథకం మీద కోపంతో వచ్చిన కుర్రాళ్లు ఇక్కడే రైళ్లకు నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు యువకుడు ఒకరు చనిపోయారు. ఎంతోకాలం సైన్యం రాతపరీక్ష కోసం ఎదురుచూసి, అది రద్దయిన పిల్లలు వాళ్లు. తర్వాత రెండు రోజులకే సైన్యం ప్రకటించింది, ఎఫ్‌ఐఆర్ ఉన్నవాళ్లకు చోటు లేదని. మెట్లెక్కుతూ మామ అల్లుడి భుజం పట్టుకున్నారు. బడాయికి పోయి ఏ గొడవలో పేరెక్కినా పోలీస్ వెరిఫికేషన్‌లో అంతా అయిపోతుందని చెప్పడానికి ఆ పట్టు చాలింది.

పెన్షన్ కౌంటర్ దగ్గర ఆయన బొటనవేలు మెషీన్ మీద పెట్టారు. పడలేదు. చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెట్టారు. మూడోసారికి పచ్చలైటు వెలిగింది. ప్రింటైన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఆ జేబు వైపే చూస్తున్నాడు కుర్రాడు.

"పోతవా?" అడిగారు మామ.

"పోత," అన్నాడు. "కానీ డిగ్రీ దూరవిద్యల కడతా. నాలుగేండ్లల్ల అది కూడ అయితది."

ఆ పొద్దున నేను విన్న మంచి మాట అదే. సైన్యం నుంచి బయటికి వచ్చాక కేంద్ర సాయుధ బలగాల్లో 10 శాతం కోటా ఉంటుందని 2022లో ప్రకటించారు. కోటా ఉన్నా పోటీ తప్పదు. 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి బ్యాచ్‌కు నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి. ఆ పిల్లలకు ఏం దొరుకుతుందో చూసి మిగతావాళ్లు నిర్ణయించుకుంటారు.

ఇంటికొచ్చాక టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూశాం. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉంది. రేపు మీసేవకు పోవాలి. నోటిఫికేషన్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది, పరీక్ష ఫీజు 250 రూపాయలు. అంతకు మించి ఎవరు పైసలు అడిగినా అతను దళారీ. ఒరిజినల్ మెమోలు ఏ అకాడమీ చేతిలోనూ పెట్టకండి. మీ ఇంట్లో పొద్దున్నే పరుగెత్తే పిల్లవాడు ఉంటే, ఈ సాయంత్రమే ఆ రెండు కాగితాలు తీసి ఒక్కసారి పేర్లు సరిచూడండి.