బోధను చెరకు బాటలు, ఇందూరు మిస్త్రీలు

నిజామాబాదు జిల్లా గతమును వ్రాయబూనినవారు సామాన్యముగా మంజీరపై కట్టిన నిజాంసాగరముతో మొదలిడి, బోధను ప్రక్కన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారపు పొగగొట్టముకడ ఆగుదురు. అది సహజమే; ఆ రెండును ఈ సీమ రూపురేఖలను మార్చివైచినవి. కాని ఆ నీటివలనను, ఆ చెరకువలనను ఈ బాటలకెక్కిన కార్లు, లారీలు, ట్రాక్టరులు చెడిపోయినప్పుడు వానిని బాగుచేయుటకై ఇందూరు (నిజామాబాదు) వీథులలో ఒక శిల్పివర్గము పుట్టి పెరిగినదనియు, ఆ మిస్త్రీల విద్యకును ఒక చరిత్ర కలదనియు తలచినవారు అరుదు. ఆ విద్యను సాంతముగా వర్ణించుట నా ఉద్దేశము కాదు. పాత కారు అడుగున పగిలిన ఆయిల్ చాంబరును విప్పి మార్చుట యను ఒక్క పనిని పట్టుకొని, అది ఈ ప్రాంతమున ఎందులకు అవసరమయ్యెనో, దానిని ఎంతటి నేర్పుతో సాధించుచు వచ్చిరో చెప్పవలెనని నా కోరిక.

నిజాంసాగర్ నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ప్రతిభకు నిదర్శనముగా నిలిచిన ఆ జలాశయము 2,75,000 ఎకరములకు నీరందించుటకు ఉద్దేశింపబడినది. ఆ నీటి బలిమిచేతనే 1937లో, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమై, కాలక్రమమున ఆసియా ఖండములోనే పెద్దదన్న ఖ్యాతి గడించినది. బోధను, ఎడపల్లి, రెంజల్, వర్ని, రుద్రూరు, కోటగిరి ప్రాంతముల నల్లరేగడి నేలలు చెరకుతోటలతో నిండినవి. కాలువ నీటిని నమ్ముకొని కృష్ణా గోదావరీ మండలములనుండి తరలివచ్చిన రైతులు వర్ని చుట్టుపట్ల క్యాంపులు కట్టుకొని స్థిరపడిరి. రుద్రూరులో చెరకు, వరి పంటల పరిశోధనా కేంద్రము వెలసినది.

చెరకు తక్కిన పంటలవలె గాదెలలో నిలువయుంచదగినది కాదు. కోసిన గడ ఒకటి రెండు దినములకు మించి ఎండలో పడియున్నచో రసమునందలి చక్కెర తరిగిపోవును. కావున కర్మాగారము ఆడుచున్నంత కాలము, కార్తీకము మొదలు వేసవి ముఖము వఱకు, రాత్రింబవళ్ళు బండ్లు సాగుచునే యుండవలెను. వానలు వెనుకబట్టి రేగడి ఇంకను పదునుగా నున్న దినములలో ఇనుప పట్టాలు బిగించిన ఎడ్లబండి చక్రములు ఆ నేలను మోకాలిలోతుగా కోసివేయును. పుష్యమాసము నాటికి ఆ గాడులు ఎండి రాతివలె గట్టిపడును. రెండు గాడుల నడుమ మిగిలిన మట్టిదిమ్మె, అందులో ఇరుక్కొన్న కంకరరాయితో సహా, దారి పొడవునా వెన్నెముకవలె లేచి నిలుచును. ఎద్దులకు దానితో బాధ లేదు, బండి ఇరుసు ఎత్తుననుండును గదా. ఆ దారినే కారు వచ్చినప్పుడు కథ వేఱు.

ఇంజను అడుగున వ్రేలాడు రేకుతొట్టియే చాంబరు. ఇంజనులోని నూనె యంతయు చివరకు దానిలోనికే జారి చేరును. దానిలో మునిగియున్న జల్లెడగుండ పంపు ఆ నూనెను పీల్చి మరల పైకి పంపును. మోటారు యుగపు తొలినాళ్ళలో ఈ ఏర్పాటు ఇంత చక్కగా నుండలేదు. 1908లో అమెరికాలో వెలువడిన ఫోర్డు టీ మోడలు కారునకు నూనె పంపు లేదు, నూనె కొలిచెడి పుల్లయు లేదు. తిరుగుచున్న భాగములు చిమ్మిన నూనెయే ఇంజనునకు ఆధారము. అడుగున ఒకదానిపై నొకటిగా అమర్చిన రెండు చిన్న కొళాయిలను, కారు క్రింద దూరి, విప్పి చూచి నూనె మట్టమును తెలిసికొనవలసి యుండెను. అయినను ఆ కారు నేలనుండి ఎత్తున నిలిచి పల్లెబాటల కనువుగా నుండెడిది. పిదప వచ్చిన కార్లు పంపులు, జల్లెడలు, పలుచని రేకుతొట్లు సంపాదించుకొని, వేగము పెరిగినకొలది నేలకు దగ్గరగా వంగినవి. పట్టణపు నున్నని రోడ్లపై అది సౌఖ్యము. బోధను చెరకు బాటపై అదియే ప్రమాదము.

హైదరాబాదు సంస్థానమున మోటారు మొదట రాజప్రాసాదములకు పరిమితమైన వైభవము. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరి చేయించిన రోల్స్ రాయిస్ సింహాసన రథము ఆయన 1911లో గతించిన తరువాతనే కుమారునకు చేరినది. సామాన్యునకు మోటారును అందించినది 1932లో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభించిన రోడ్డు రవాణా శాఖ. రెండవ ప్రపంచ యుద్ధానంతరము సైన్యము వదలించుకొన్న జీపులు, లారీలు దేశమంతట అమ్ముడుపోయినవి. పిదప ముప్పదేండ్లు దేశమున చెప్పుకోదగిన కార్లు రెండు మూడే: మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై వంగరాష్ట్రమున ఉత్తర్‌పారాలో తయారైన అంబాసడరు, బొంబాయి కుర్లాలో తయారై తరువాత ప్రీమియర్ పద్మిని యను పేరొందిన ఫియట్, మద్రాసు స్టాండర్డు. క్రొత్త కారు కావలెనన్న ఏండ్లు నిరీక్షింపవలసిన కాలమది. వకీళ్ళు, వైద్యులు, గుత్తేదారులు, చెరకు పండించు పెద్దరైతులు ఒక్కొక్క కారును తరముల తరబడి నడిపిరి. దానికి ఏ అవయవము చెడినను ఆ అవయవమును బ్రతికించుట తప్ప గత్యంతరము లేకుండెను. మన మిస్త్రీల నైపుణ్యమునకు ఆ కొఱతయే తొలి గురువని నా దృఢాభిప్రాయము.

చాంబరు పగులుటలో రెండు విధములు కలవు. రాయి సూటిగా తగిలి రేకు చీలినచో నూనె ధారగా కారిపోవును. వెనుక దుమ్ములో నల్లని చార పడును. అనుభవజ్ఞుడైన డ్రైవరు అడుగున చప్పుడు విన్న మఱుక్షణమే దిగి చూచును. అంతలో బాటప్రక్క నెవరో “బండి బంద్ చెయ్, చాంబర్ పలిగింది” అని కేకవేయుదురు. ఆ మాటను లెక్కింపక, ఊరు దగ్గరే గదా యని మఱొక రెండు మైళ్ళు తోలినవాని ఇంజను పట్టివేయును. బేరింగులు కరగును, క్రాంకు గీచుకొనిపోవును, నూఱు రూపాయల పని వేలకు ఎక్కును. రెండవ విధము ఇంతకంటె వంచన గలది. రేకు చీలదు, లోపలికి సొట్టపడును. చుక్క నూనె కాఱదు. కాని ఆ సొట్ట పంపు జల్లెడను ఆనుకొని దాని నోరు మూయును. తొట్టి నిండ నూనె యుండియు ఇంజను దాహముతో చచ్చును. ముందరి పలకపై ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు పుల్ల తీసి చూచి, నూనె నిండుగా నున్నదని ధైర్యపడి సాగిపోయినవారే ఇట్టి నష్టమునకు లోనైరి.

నిజామాబాదులో బోధను రోడ్డు పొడవునను, పిదప ఆటోనగరులోను వెలసిన షెడ్లలో పని నేర్చువాడు ఉస్తాదుకడ బాల్యముననే చేరెడివాడు. ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడును కలిసిన భాషలో పాఠము సాగెడిది. “పానా తే బేటా” అన్న పిలుపుతో మొదలైన చదువు ఇంజను చప్పుడును చెవితో పరీక్షించుటలో ముగిసెడిది. ఇంతకు తోడు చక్కెర కర్మాగారము వంటి మహాయంత్రాగారము సమీపమున నుండుట సామాన్య విషయము కాదు. ఏటేట క్రషింగు ముగియగానే రోలర్లు, బాయిలర్లు, పంపులు విప్పి బాగుచేయవలసి వచ్చు చోట ఫిట్టర్లకును, టర్నర్లకును, వెల్డర్లకును కొఱత యుండదు. లేతుపై చేయి తిరిగినవాడు ఉన్న ఊరిలో మరలు అఱిగిన నూనె బిరడాకు క్రొత్త మర కోయించుకొనుట సులభము.

ఇక పని క్రమము. ఇంజను గోరువెచ్చగా నుండగనే అడుగు బిరడా విప్పి నూనెను పాత్రలోనికి దింపుదురు. అంబాసడరులో అది సుమారు 4 లీటర్లు. జాకీని మాత్రము నమ్మి క్రింద దూరుట మూర్ఖత్వమని ప్రతి ఉస్తాదును మొదటి దినముననే హెచ్చరించును. గుంత యున్నచోట గుంతలోను, లేనిచోట చక్రముల క్రింద మొద్దులు పెట్టియు పని సాగింతురు. చుట్టు బోల్టులు విప్పి, పాత ప్యాకింగుకు అంటుకొన్న తొట్టిని ఉలి దూర్చి పెకలింపక, కొయ్యసుత్తితో తట్టి వదలింపవలెను. తొట్టి క్రిందికి దిగిన తోడనే మిస్త్రీ దాని అడుగున పేరుకొన్న మడ్డిని వ్రేళ్ళ నడుమ నలిపి చూచును. వెండివలె మెఱయు పొడి కనబడినచో బేరింగులు అఱిగిపోవుచున్నవి. పాలమీగడ వంటి నుఱుగు కనబడినచో నీరు నూనెలో కలియుచున్నది. చాంబరు మార్చవలెనని వచ్చినవానికి ఇంజను జాతకము కూడ ఇచ్చటనే తెలియును.

తొట్టి అంచు మఱొక రహస్యము. వెనుకటి చేతులెవరో బోల్టులను అతిగా బిగించినందున రంధ్రముల చుట్టు రేకు పైకి ఉబికియుండును. దానిని చదునైన ఇనుముపై బోర్లించి మెల్లగా కొట్టి సరిచేయనిచో ఎంత మంచి ప్యాకింగు వేసినను నూనె కారుట మానదు. బెండు ప్యాకింగు అంగడిలో ఎండి ముడుచుకొనిపోయి రంధ్రములు కలియకున్నచో, దానిని కొంతసేపు నీటిలో తడిపి సాగనిత్తురు. పిదప బోల్టులను నడుమనుండి అంచులవైపు, అటొకటి ఇటొకటిగా, విడతలు విడతలుగా బిగింపవలెను. ఒక ప్రక్కనే బిగించుకొనిపోయిన తొందరపాటు మఱునాటి ఉదయము నేలపై మచ్చగా బయటపడును.

మార్చుటకు క్రొత్త తొట్టి దొరకుట సులభము కాని దినములలో అతుకుటయే శరణ్యము. సికింద్రాబాదు రాణిగంజి బజారునుండి సరకు రావలెనన్న రోజులు పట్టెడిది. డొక్కు కార్ల కుప్పలో సరియైన తొట్టి దొరకినచో అదృష్టము. లేనిచో పగులును గుర్తించుట మొదటి సమస్య, ఏలనన సన్నని పగులు నూనె జిడ్డులో కంటికి కనబడదు. దీనికై ఒక వృద్ధ మిస్త్రీ చేసిన పరీక్షను నేను చేరువనుండి చూచితిని. ఆయన తొట్టిని చాకలిసోడా కలిపిన మరుగునీటితో రెండుమార్లు కడిగి, ఎండబెట్టి, వెలుపలి భాగమంతయు సుద్దతో తెల్లగా పూసెను. లోపల గ్యాసునూనె పోసి బల్లపై నుంచి, బీడీ ముట్టించుటకు దూరముగా పోయెను. కొంతసేపటికి ఆ తెలుపుపై దారపుపోగు వంటి తడిగీత తేలినది. దాని రెండు కొసలను గుర్తుపెట్టి, ఒక్కొక్క కొసన సూదిమొన యంత రంధ్రము తొలిచెను. అట్లు చేయనిచో వెల్డింగు వేడికి పగులు ఇంకను ముందుకు ప్రాకునట. పిమ్మట మరల కడిగించెను. నూనె ఆవిరి మిగిలిన తొట్టికి మంట చూపుట ప్రాణాంతకమని ఆయన కుఱ్ఱవానికి చెప్పుచున్నప్పటి కంఠస్వరములోని గాంభీర్యము నాకు ఏ ప్రయోగశాలలోను వినబడలేదు. ఇత్తడి కడ్డీతో గ్యాసు వెల్డింగు ముగిసిన తరువాత అదే సుద్ద పరీక్ష మరల జరిగినది. అంతటి శ్రద్ధను పదవులలో నున్నవారియందు సైతము నేను తఱచుగా చూడలేదు.

కాలక్రమమున చెరకు ఎడ్లబండ్లను విడిచి ట్రాక్టరు ట్రాలీలకెక్కినది. పెక్కు ట్రాక్టరులలో చాంబరు పలుచని రేకు కాదు, బలిసిన పోత ఇనుము. ముందరి ఇరుసు భారమును కూడ అది మోయుచుండును. అది రాయి తగిలి చీలునది కాదుగాని, విప్పవలసి వచ్చినప్పుడు ట్రాక్టరును నడుమకు విడదీసినంత పని. ట్యాక్సీవారు తమ కార్లకు అడుగున మందపు ఇనుపపలకను బిగించుకొని, దానిని చాంబరు గార్డు అనుచు వచ్చిరి.

1983 డిసెంబరులో తొలి మారుతి కారు వెలువడిన తరువాత కార్ల సంఖ్య పెరిగినది, జాతులు పెరిగినవి, విడిభాగములు సులభముగా దొరకసాగినవి. నేటి కార్లు పెక్కింటికి చాంబరు అల్యూమినియపు పోత. అది తేలిక, వేడిని త్వరగా విడుచును. కాని దెబ్బకు సొట్టపడుటకు మాఱు పగులును, ఆ పగులునకు ఇత్తడి కడ్డీ పనికిరాదు, ఆర్గాన్ వెల్డింగు కావలెను. బెండు ప్యాకింగు స్థానమున గొట్టమునుండి పిండెడి సిలికాను వచ్చినది. దానిని కొంచెము ఎక్కువగా పూసినను, లోపలికి ఉబికిన ముక్కలు ఊడి పంపు జల్లెడను పూడ్చును. కనుక చేతి మితము నేటికిని అవసరమే.

చక్కెర కర్మాగారము మాత్రము ఈ మార్పులను దాటి నిలువలేదు. 2002లో దానిలో అధిక భాగము ప్రైవేటు సంస్థ చేతికి పోయినది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటింపబడి బోధను గానుగలు ఆగినవి. మెట్‌పల్లి, ముంబోజిపల్లి శాఖలకును అదే గతి పట్టినది. వేలాది కుటుంబముల జీవితములతో అల్లుకొన్న ఆ కర్మాగారము మూతపడుట ఈ సీమకు కలిగిన నష్టములలో ఘోరమైనదని నేను భావింతును. చెరకు వేసిన చేలు క్రమముగా వరికి మరలినవి. దానితో మిస్త్రీల పంచాంగమును మారినది. పూర్వము కార్తీకము మొదలు ఫాల్గునము వఱకు బోధను దారిలోని షెడ్లకు తీరిక యుండెడిది కాదు. ఇప్పుడు వానాకాలపు కోతలకును, యాసంగి కోతలకును ముందు పక్షములలో వరికోత యంత్రములు వరుసగా వచ్చి నిలుచుచున్నవి. చాంబరు ప్యాకింగులు కోసిన చేతులే వాని హైడ్రాలిక్ గొట్టములను బిగించి, కత్తులు మార్చి, ఇంజను నూనె దింపి, మడ్డిని వ్రేళ్ళతో నలిపి చూచుచున్నవి.