వేతనాలు పెంచితే ప్రభుత్వ ఆసుపత్రులలో నిరీక్షణ తగ్గునా?

ప్రత్యేక వ్యాసం

ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే రోగికి మొదట ఎదురయ్యేది వరుస. ఓ.పి. చీటీ కొరకు ఒకటి, డాక్టరు గది ముందు ఒకటి, రక్త పరీక్షకు ఒకటి, మందుల కౌంటరు వద్ద మరొకటి. రోజు కూలిపై ఆధారపడిన కుటుంబానికి ఈ నిరీక్షణ అంటే ఆనాటి కూలి కోల్పోవడమే. వైద్యులు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్ల వేతనాలు పెంచినట్లయితే ఈ వరుసలు తగ్గుతాయా అన్నది తరచుగా వినవచ్చే ప్రశ్న. నిరీక్షణ కాలాన్ని ఏళ్ల తరబడి లెక్కగట్టి ప్రకటిస్తున్న ఇంగ్లండు అనుభవం ఈ విషయంలో పరిశీలింపదగినది.

లక్ష్యాలు, వేతనాలు

బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 1948లో ఏర్పడింది. 2000 నాటికి ఇంగ్లండులో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందవలసిన వారికి గరిష్ఠ నిరీక్షణ పరిమితి 18 మాసాలు. దీనిని 2005 చివరి నాటికి 6 మాసాలకు తగ్గించాలని, 2008 చివరి నాటికి సిఫారసు నుండి చికిత్స ప్రారంభం వరకు మొత్తం వ్యవధి 18 వారాలు మించరాదని నిర్దేశించారు. 2004 డిసెంబరు నుండి నర్సులు తదితర సిబ్బందికి నూతన వేతన వ్యవస్థ అమలులోకి వచ్చింది. నిరీక్షణ గణనీయంగా తగ్గింది.

అయితే ఇదే వేతన వ్యవస్థ వేల్స్‌లోనూ అమలైనప్పటికీ అక్కడ నిరీక్షణ అంత వేగంగా తగ్గలేదు. ఇంగ్లండులో లక్ష్యసాధనకు ఆసుపత్రుల యాజమాన్యాలను నేరుగా జవాబుదారీ చేయడం, ఫలితాలను బహిరంగంగా ప్రకటించడం ఈ వ్యత్యాసానికి ముఖ్య కారణాలు.

వేతనాలను విస్మరిస్తే

వేతనాలకు ప్రాధాన్యం లేదనుకోవడం కూడా పొరపాటే. దేశమంతటా నర్సుల జీతం దాదాపు ఒకే తీరుగా ఉండగా, ఇతర ఉద్యోగాలలో జీతాలు అధికంగా గల ప్రాంతాల ఆసుపత్రులలో గుండెపోటు రోగుల మరణాలు ఎక్కువగా ఉన్నట్లు 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. 2011 నుండి వేతనాల పెంపుపై పరిమితులు విధించారు. 2022 నాటికి ఇంగ్లండులో నర్సుల ఖాళీలు 40 వేలు దాటాయి. ఆ ఏడాది డిసెంబరులో నర్సులు, 2023 మార్చిలో జూనియర్ డాక్టర్లు సమ్మె చేయగా చికిత్సలు వాయిదా పడ్డాయి. కోవిడ్ అనంతరం పెరిగిన నిరీక్షణ జాబితా 2023 సెప్టెంబరులో సుమారు 77 లక్షలకు చేరింది.

మన ఆసుపత్రులకు వర్తించేది

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో జరిగిన చికిత్సలకు వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని సిబ్బందికి ప్రోత్సాహకంగా ఇచ్చే పద్ధతి ఏర్పడింది. 2022 అక్టోబరులో జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ప్రవేశపెట్టిన 'స్కాన్ అండ్ షేర్' విధానం ద్వారా రోగి క్యూఆర్ కోడ్‌ను సెల్‌ఫోన్‌తో స్కాన్ చేసి ఓ.పి. టోకెన్ పొందవచ్చును. ఇది చీటీ వరుసను తగ్గించును గాని, డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్నచోట గది ముందు వరుసను తగ్గించజాలదు. అదే విధంగా, జీతం పెంచి డాక్టరును నియమించినా ల్యాబ్‌లో ఒకే యంత్రం ఉన్నట్లయితే వరుస అక్కడికి మారుతుంది.

కావున ఏ వరుస ఎక్కడ, ఎందువలన ఏర్పడుతున్నదో ముందుగా లెక్కించవలసి ఉన్నది. ఖాళీ పోస్టు కారణమైనచోట, ముఖ్యంగా మారుమూల ప్రాంతాలలో, వేతనం పెంపు సరైన మార్గం. పడకలు, ఆపరేషన్ థియేటర్లు, పరికరాలు చాలనిచోట ముందుగా వాటిని సమకూర్చవలెను. తగిన వేతనం సిబ్బందిని నిలుపుతుంది. వరుసను తగ్గించేది ఆ సిబ్బందికి లభించే వసతి, దానిపై జరిగే పర్యవేక్షణ.