ఎర్ర చాకుకు ముందు

స్విస్ ఆర్మీ చాకు అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఎర్రటి పిడి, దాని మీద తెల్లని శిలువ. ఒకప్పుడు అమెరికా నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లో చాక్లెట్లతో పాటు మన ఇళ్ళకు చేరిన వస్తువది. కానీ స్విస్ సైనికుని జేబులోకి మొట్టమొదట చేరిన చాకు పిడి ఎర్రగా లేదు, దాని మీద శిలువా లేదు. అంతకన్నా విచిత్రం, అది స్విట్జర్లాండులో తయారైనదే కాదు.

1889 నమూనా ష్మిట్-రూబిన్ తుపాకిని విప్పి కూర్చడానికి స్క్రూడ్రైవరు కావలసి వచ్చింది. సైనికుల ఆహారమా, రేకు డబ్బాల్లోకి మారుతోంది. రెండు పనులకూ ఒకే పనిముట్టు ఉండాలని సైన్యం తలచింది. ఒక అలుగు, తోలుకు బెజ్జం వేసే ఆరె, డబ్బా మూత కోసే కత్తి, స్క్రూడ్రైవరు. ఈ నాలుగూ ముదురు రంగు ఓక్ చెక్క పిడిలోకి మడిచిపెట్టుకునే చాకుకు '1890 నమూనా' అని పేరు పెట్టారు. పొడవు పది సెంటీమీటర్లు, బరువు 140 గ్రాముల పైచిలుకు. జేబులో ఉందన్న సంగతి మరచిపోనివ్వని బరువది.

తొలి విడతకు 15,000 చాకులు కావాలి. అన్ని చేసివ్వగల కర్మాగారం స్వదేశంలో లేక ఆ పని జర్మనీలోని జోలింగెన్ పట్టణానికి, వెస్టర్ సంస్థకు వెళ్ళింది. 1891 చివరి నెలల్లో సరుకు అందింది.

ఇది కార్ల్ ఎల్సెనర్‌కు నచ్చలేదు. ష్విట్స్ ప్రాంతంలోని ఇబాఖ్‌లో 1884లో చాకుల దుకాణం తెరిచిన పనివాడాయన. తోటి పనివారిని కూడగట్టి సంఘం పెట్టి, 1891లోనే సైన్యానికి చాకులు ఇవ్వనారంభించాడు. యంత్రాలతో చేసిన జోలింగెన్ సరుకు ధరకు ఎవరు నిలవగలరు? తోటివారు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎల్సెనర్ మాత్రం పట్టు వదలక, ఉన్నదంతా ఊడ్చుకుపోయి, బంధువుల సాయంతో గట్టెక్కాడు. దేశాభిమానమో మొండితనమో గానీ, ఆ రెంటినీ విడదీయడం నాకు చేతకాలేదు.

ఆయనను నిలబెట్టింది సైనికుల చాకు కాదు. 1897 జూన్ 12న నమోదు చేయించిన 'అధికారుల చాకు'. రెండవ అలుగు, బిరడా తీసే మర చేర్చినా, పిడికి ఇరువైపులా ఉన్న పనిముట్లకు ఒకే వరుస స్ప్రింగులు సరిపోయేలా అమర్చడంతో చాకు తేలికైంది. సైన్యం దాన్ని ఎన్నడూ పంచిపెట్టలేదు. అధికారులు దుకాణంలో కొనుక్కున్నారు. మనమెరిగిన ఎర్ర చాకుకు పూర్వీకురాలు ఇదే.

ఇక సేకర్తల సంగతి. పాత చాకు చేతికి రాగానే వారు చూసేది అలుగు మొదట్లోని ముద్ర. 'విక్టోరియా' అని ఉంటే 1909 తరువాతిది, ఎల్సెనర్ తల్లి పేరు అది. 'విక్టొరినాక్స్' అంటే 1921 తరువాతిది. తుప్పుపట్టని ఉక్కుకు ఫ్రెంచిలో ఉన్న పేరు తోక అయింది. పిడి చెక్కదా, 1901లో వచ్చిన నార పలకలదా అన్నది తరువాతి ప్రశ్న. అన్నిటికన్నా ఎక్కువగా వెతికేది జోలింగెన్ ముద్ర కోసమే. జాతి గుర్తుగా వెలసిన వస్తువులో ఆ జాతి చేయని మొదటి చాకుకే గిరాకీ!

ఆ ఆశతోనే నేనూ ఒక చెక్కపిడి చాకు తెప్పించుకున్నాను. చాయాచిత్రంలో తళతళ మెరుస్తుంటే మురిసిపోయాను. చేతికి వచ్చాక గానీ ఆ మెరుపు మర్మం తెలియలేదు. అమ్మినవారెవరో మహాశ్రద్ధగా ఉప్పుకాగితం పెట్టి, తుప్పుతో పాటు నూరేళ్ళ నల్లదనాన్నీ ముద్రనూ కూడా అరగదీశారు. భూతద్దంతో చూస్తే చివరి రెండు అక్షరాలు, ఇ, ఆర్, మాత్రం ఆనవాలుగా కనిపిస్తున్నాయి.

వెస్టర్ పేరు ముగిసేది ఆ రెండక్షరాలతోనే. ఎల్సెనర్ పేరూ అంతే.