అమెరికాలో తొలి ఏడాది.. ఎఫ్‌-1 విద్యార్థులు ఎప్పుడు, ఏం చేయాలి?

వీసా స్టాంపు పడి, శంషాబాద్‌లో విమానం ఎక్కితే అసలు పని అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి వీసా ఉన్నది అమెరికాలోకి అడుగుపెట్టడానికే. అక్కడే ఉండి చదువుకోవాలంటే ‘స్టేటస్‌’ చెక్కుచెదరకుండా ఉండాలి. దాన్ని కాపాడుకోవాల్సింది విద్యార్థే. ‘తెలియక చేశాను’ అంటే చాలాసార్లు చెల్లదు. అందుకే తొలి ఏడాదిలో గుర్తుపెట్టుకోవాల్సిన ముఖ్య విషయాలు ఇవి.

దిగగానే మొదటి పని

ఐ-20లో ఉన్న కోర్సు ప్రారంభ తేదీకి గరిష్ఠంగా 30 రోజుల ముందు నుంచి దేశంలోకి వెళ్లొచ్చు. వెళ్లాక యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో రిపోర్ట్ చేయాలి. అక్కడుండే డీఎస్‌వో అనే అధికారి మీ వివరాలను ‘సెవిస్‌’ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో నమోదు చేస్తారు. కోర్సు ప్రారంభ తేదీ నుంచి 30 రోజుల్లోగా ఇది పూర్తి కావాలి.

అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్‌లో ఐ-94 రికార్డు ఉచితంగా దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేసుకుని పేరు, పుట్టిన తేదీ, ఎఫ్‌-1 కేటగిరీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇల్లు మారితే 10 రోజుల్లోగా కొత్త అడ్రస్ తెలియజేయాలి. స్నేహితుల గదిలో కొన్నాళ్లు ఉండి వేరేచోటికి మారేవారు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

సబ్జెక్టు కష్టంగా ఉంటే వదిలేయొచ్చా?

సొంతంగా వదిలేయకూడదు. ఎఫ్‌-1 విద్యార్థి ప్రతి రెగ్యులర్ సెమిస్టర్‌లో ‘ఫుల్‌టైమ్‌’ చదవాలి. డిగ్రీ విద్యార్థులకు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. ఎంఎస్‌ చేసేవారికి ఎన్ని కావాలో యూనివర్సిటీ నిర్ణయిస్తుంది, చాలాచోట్ల 9 ఉంటాయి. ఇందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే 3 క్రెడిట్ల వరకే లెక్కలోకి వస్తుంది.

అయితే కొత్తగా వచ్చినవారి ఇబ్బందులకు నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. ఇంగ్లిష్‌తో మొదట్లో ఇబ్బంది, అక్కడి బోధన పద్ధతి అలవాటు కాకపోవడం, స్థాయికి మించిన కోర్సులో చేరడం వంటి కారణాలుంటే లోడ్ తగ్గించుకోవడానికి డీఎస్‌వో అనుమతి ఇవ్వొచ్చు. అప్పుడు కూడా ఫుల్‌టైమ్‌లో కనీసం సగం చదవాలి. ఒక డిగ్రీ స్థాయిలో ఈ కారణంతో ఒక్కసారే అవకాశం. అనారోగ్యమైతే డాక్టర్ లేఖతో మొత్తంమీద 12 నెలల వరకు మినహాయింపు పొందొచ్చు. ఏదైనా సరే, అనుమతి వచ్చాకే కోర్సు డ్రాప్ చేయాలి.

చదువులో ఎక్కడ తడబడతారు?

మన దగ్గర సెమిస్టర్ చివర్లో నాలుగు రోజులు కూర్చుని చదివి గట్టెక్కేవారు ఉన్నారు. అక్కడ అది కుదరదు. మొదటి వారం నుంచే అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, ప్రాజెక్టులకు మార్కులు పడతాయి. దేనికి ఎంత శాతమో సిలబస్ పత్రంలోనే ఉంటుంది. ప్రొఫెసర్ ‘ఆఫీస్ అవర్స్‌’లో వెళ్లి సందేహాలు అడగడాన్ని అక్కడ ఎవరూ తక్కువగా చూడరు.

రూమ్మేట్ కోడ్‌ను కాస్త మార్చి సమర్పించడం మాత్రం పెద్ద తప్పే. కాపీ తేలితే గ్రేడ్ పోవడంతోపాటు సస్పెన్షన్ వరకు వెళ్లొచ్చు. సస్పెండ్ అయితే స్టేటస్‌కూ ముప్పే. చాలా యూనివర్సిటీల్లో ఎంఎస్ విద్యార్థులు 3.0 జీపీఏ నిలుపుకోవాలి.

పార్ట్‌టైమ్ ఉద్యోగం మాటేమిటి?

క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయొచ్చు. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. ఉద్యోగం ఖాయమైన లేఖ ఉంటేనే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు దరఖాస్తు చేయడం వీలవుతుంది.

బ్యాంకు లోన్ ఈఎంఐ గుర్తొచ్చి గ్యాస్ స్టేషన్‌లోనో, రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బిచ్చే పనికి కుదిరితే అది అనధికారిక ఉద్యోగం. స్టేటస్ రద్దయితే కట్టిన ఫీజు, తీసుకున్న అప్పు రెండూ మీద పడతాయి. క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్‌కు వీలు కల్పించే సీపీటీ సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే వస్తుంది. ‘క్లాసులు అక్కర్లేదు, మొదటి రోజు నుంచే పని’ అని ఎవరైనా ఊరిస్తే 2019 గుర్తుతెచ్చుకోండి. మిషిగన్‌లోని ‘ఫార్మింగ్టన్ యూనివర్సిటీ’ ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన నకిలీ సంస్థ అని అప్పుడు బయటపడింది. అరెస్టయిన విద్యార్థుల్లో తెలుగువారూ ఉన్నారు.

సంపాదన లేకపోయినా ట్యాక్స్ ఫారం

ఒక్క డాలర్ సంపాదించకపోయినా మరుసటి ఏడాది ఫారం 8843 పంపాలి. ఆదాయం లేనివారికి గడువు జూన్ 15. జీతం తీసుకుంటే 1040-ఎన్‌ఆర్‌తో కలిపి ఏప్రిల్ 15లోగా పంపాలి.

ఆరోగ్య బీమాలో డిడక్టబుల్, కోపే ఎంతో ముందే చూసుకోవాలి. జ్వరం లాంటి వాటికి ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్‌కు వెళ్లడం మేలు. ఎమర్జెన్సీ వార్డుకు వెళ్తే బిల్లు వేల డాలర్లలో రావొచ్చు. ప్రాణాపాయం ఉంటే మాత్రం ఆలోచించకుండా 911కు ఫోన్ చేయాలి.

ఒంటరిగా అనిపిస్తే..

అమ్మానాన్నలకు చెబితే బెంగపెట్టుకుంటారని ‘బాగానే ఉన్నాను’ అనేస్తారు. రాత్రీపగలూ తేడా వల్ల ఫోన్లు తగ్గుతాయి. చలికాలంలో సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది. నిద్ర పట్టకపోవడం, క్లాసులు ఎగ్గొట్టడం మొదలైతే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌ను కలవాలి. చాలాచోట్ల కొన్ని సెషన్లు ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే 988కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు.

పాస్‌పోర్టు పోయినా, ఇతర ఆపద వచ్చినా వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని, హ్యూస్టన్, అట్లాంటా, షికాగో, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్‌లలోని కాన్సులేట్లను సంప్రదించొచ్చు. ఇక్కడున్న తల్లిదండ్రులు విదేశాంగ శాఖ ‘మదద్‌’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ‘ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, గిఫ్ట్ కార్డులతో డబ్బు కట్టండి’ అని ఫోన్ వస్తే అది మోసమే. కట్ చేసి డీఎస్‌వోకు చెప్పండి.

కోర్సు, ఉద్యోగం, ప్రయాణం.. దేనిపై సందేహం ఉన్నా వాట్సాప్ గ్రూపులో సీనియర్ చెప్పింది నమ్మి అడుగేయొద్దు. ముందుగా డీఎస్‌వోకు ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబును దాచుకోండి.